గేటుకి ఎర్ర గుడ్డ

నవంబర్ 2, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఎందుకు రాలేదని పాస్టరమ్మ గారు ఫోన్ చేస్తే మోకాలి నొప్పి అన్నాను. ఆవిడ ఫోన్లోనే నా మోకాలి కోసం ప్రార్థన చేశారు. మోకాలు బాగానే ఉంది.

మా అమ్మాయి మిరియం రాత్రి డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చి పడుకుంది. నేను కుట్టు మిషను దగ్గర కూర్చున్నాను. పని ఎక్కువగా ఉంది. క్రిస్మస్ ముందు ఎప్పుడూ ఇంతే, జాకెట్లు అందరికీ ఒక్కసారే గుర్తొస్తాయి.

ఈ సబ్బవరం ఫ్లాటుకి వచ్చి మూడు నెలలైంది. అట్టపెట్టెలు ఇంకా గోడ వారనే ఉన్నాయి. కావలసినవి పైపైన తీసుకుంటున్నాం. ఫ్లాటు ఎంచుకున్నది మా ఆయనే. "రిటైరయ్యాక బాల్కనీలో కూకుని ఆ కొండల్ని సూస్తానే జయా, నువ్వు టీ ఎట్టి ఇత్తుండు" అనేవారు. రిటైర్మెంటు ఇంకా నాలుగేళ్లు ఉండగానే ఫిబ్రవరిలో పోయారు. మాకు స్టీలు ప్లాంటు క్వార్టరు ఖాళీ చెయ్యక తప్పలేదు. కొండలు అక్కడే ఉన్నాయి. నేను చూస్తున్నాను. చూడటానికేముంది, కొండలు.

నవంబర్ 4

మిషను బెల్టు తెగింది. కొత్తది వేయించాను.

నవంబర్ 5, బుధవారం

కింది ఫ్లాటు తాయారు గారు జాకెట్టు కోసం వచ్చారు. వాళ్లది గోదావరి వైపు. భర్త త్రినాథరావు గారు పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆరా తీయకపోతే ఆవిడకి అన్నం అరగదు.

"పొద్దున్నే మొదలెట్టేస్తారు కదండీ మిషను! ఎన్ని జాకెట్లండీ బాబూ. గుడ్డలు తెచ్చేవాళ్లు మాత్రం మెట్ల మీద ఒక్కరూ కనపడరేంటండీ?"

తెలిసినవాళ్లవి, ఒకేసారి తెచ్చుకున్నాను అన్నాను.

ఆవిడ వెళ్లాక చూస్తే మిరియం లేచి వాళ్ల నాన్న ఫొటో పట్టుకుని హాల్లో నిలబడి ఉంది.

"ఒక్క మేకు కొడతానమ్మా. ఎన్నాళ్లిలాగ కింద ఎడతాం?"

"కొత్త గోడ. పగుళ్లొస్తాయి."

ఫొటోని మళ్లీ గోడకి ఆనించి పెట్టేసింది. దాని కళ్ల కింద నల్లగా ఉంది. అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. మొన్నటిదాకా పగలే వెళ్లేది. ఇక్కడికి మారాక నైట్ డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. రాత్రిళ్లు ఇక్కడ ఉండబుద్ధి కాక అని నాకు తెలుసు. నేను మాత్రం ఉండబుద్ధయ్యి ఉంటున్నానా? ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఉంటున్నాను.

నవంబర్ 8, శనివారం

"ఒకటో తారీకు నుంచి రాధ వాళ్ల రూముకి ఎల్పోతన్నానమ్మా."

అన్నం కలుపుతూ చెప్పింది. రాధ దాని ల్యాబ్ స్నేహితురాలు, అచ్యుతాపురంలోనే ఉంటుంది.

"ఇక్కడేం తక్కువైంది?"

"నిద్దర."

"అదే మంచం, అదే పరుపు."

"మంచం గొడవ కాదమ్మా." కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. "నాన్న పడుకుంటే ఇల్లంతా ఎలగుండేది? ఇక్కడ నాను పడుకుంటే నీకు ఒక్క రోజు కూడా ఆ మిషను ఆపబుద్ధి కాదు. మిషను ఆపితే మిక్సీ. మిక్సీ ఆపితే గిన్నెలు. నాను నీకు ఏటి సేసేను?"

పెరుగు వేసుకుంటావా అని అడిగాను.

ఏడుపు రాలేదు. ఆయన పోయినప్పుడూ రాలేదు. అందరూ గుండె నిబ్బరం అన్నారు. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. చలికాలం పొద్దున్నే కుడుతుంటే వేలికి సూది దిగినా తెలియదు, గుడ్డ మీద రక్తం చూశాక తెలుస్తుంది. అలాగే ఉంది ఈ తొమ్మిది నెలలూ.

ఆదివారాలు వస్తానంది. రావడానికి ఇదేమన్నా హాస్టలా అనబోయాను. నిజానికి ఇది హాస్టలు లాగానే ఉంది. అనలేదు.

నవంబర్ 9

ఎవడో కుర్రాడు ఉండి ఉంటాడు. నిద్ర వంక.

నవంబర్ 11

ఈ రోజు కూడా పని ఎక్కువ.

నవంబర్ 16, ఆదివారం

రాధ వచ్చింది, జాకెట్టు కొలతలకి. మిరియం స్నానానికి వెళ్లగానే చేతిలో టేపు పట్టుకునే అడిగేశాను, ఎవరైనా కుర్రాడున్నాడా అని. రాధ పడీ పడీ నవ్వింది.

"కుర్రోడా! దానికి కుర్రోడు కాదాంటీ, తలగడ కావాల. మా రూముకి ఒచ్చిందంటే పడిపోద్దంతే."

"మీ రూములో అంత సుఖంగా ఉంటుందా?"

"సుకమేటి ఆంటీ, నలుగురం. ఫేను టకటకమంటాది. కింద టిఫిను కొట్టు. అయినా అది పడుకుందంటే మేం లైటు తీసేత్తాం, సెల్లులు సైలెంటులో ఎట్టేత్తాం. అదే నేర్పింది మాకు. నైట్ సేసొచ్చిన మనిషి పడుకుంటే ఇల్లంతా పిల్లిలాగ నడవాలంట కదా. మీ క్వార్టర్ల కాడ అలగే సేసీవోరంట కదా?"

అవునన్నాను. భుజం కొలత తప్పు రాసుకున్నాను, మళ్లీ తీశాను.

మా ఇల్లు తీసుకెళ్లి నలుగురు ఆడపిల్లల రూములో పెట్టుకుంది నా కూతురు. నాకు కోపం వచ్చింది. చాలా రోజులకి ఏదో ఒకటి వచ్చింది.

నవంబర్ 18, మంగళవారం

దారాలకి మద్దిలపాలెం వెళ్లాను. తిరుగు బస్సులో కండక్టరు ఎక్కడికమ్మా అంటే కూర్మన్నపాలెం అన్నాను. ఇరవై ఆరేళ్లు అన్న మాట, నోరు దానంతట అదే అనేసింది. టికెట్టు కొట్టేశాడు. సరే పోనీ అని దిగి, ఆటో ఎక్కి టౌన్‌షిప్‌లోకి వెళ్లాను.

మా క్వార్టరు గేటుకి ఎవరిదో పిల్లల సైకిలు ఆనించి ఉంది. నేను వేసిన మల్లె అలాగే ఉంది. లోపల టీవీ గట్టిగా మోగుతోంది. ఏదో అవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు. పరాయి ఇల్లు పరాయి ఇల్లులాగే ఉంది. తిరిగి వచ్చేద్దామనుకుంటుంటే జగ్గయ్య తోపుడు బండితో ఎదురొచ్చాడు. మా వీధికి కూరలు తెచ్చేది ఆయనే.

"బాగున్నావేటమ్మా? పాప బాగుందా?" అని బండి ఆపాడు. తోటకూర మీద నీళ్లు చల్లుతూ, నా మొహం చూడకుండా అన్నాడు. "ఆ రోజు నాను కేక ఎయ్యలేదమ్మా. గేటుకి గుడ్డ సూసి, నోరు మూసుకుని ఎల్లిపోనాను. ఒక్క కేక ఏసుంటే బాబుగోరు లెగుదురేమో అని ఇప్పటికీ అనిపిస్తాది."

"నువ్వు కేకేసినా లేచేవారు కాదు జగ్గయ్యా. ఎనిమిదింటికే అయిపోయిందన్నాడు డాక్టరు."

"అలాగేటి?"

"అలాగే."

"అయితే సరే." నమ్మినట్టు లేడు. రెండు కట్టలు తోటకూర నా సంచిలో పడేసి, ఆ వీధి దాటేవరకూ కేక వెయ్యకుండానే వెళ్లాడు.

ఇంటికి, అంటే ఫ్లాటుకి, వచ్చి కూర్చున్నాను. మిరియం డ్యూటీకి వెళ్లిపోయింది. రాయాలి. ఒక్కసారి రాసేసి వదిలేస్తాను.

సి షిఫ్టు వారం వస్తే మా వీధిలో గేట్లకి ఎర్ర గుడ్డలు. ప్లాంటులో చేతులు తుడుచుకోవడానికి ఇచ్చే గుడ్డలే. గుడ్డ ఉంటే లోపల రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. పాలవాడు బెల్లు కొట్టడు, జగ్గయ్య కేకెయ్యడు, పోస్టుమాను కూడా గుమ్మంలో పడేసి పోతాడు. మధ్యాహ్నం దాకా కుక్కరు పెట్టం. నేనూ మిరియమూ చేతి సైగలతోనే మాట్లాడుకునేవాళ్లం, దానికి మాటలు రాకముందే సైగలు వచ్చాయి. ఆయన ఎగతాళి చేసేవారు. "నాను పడుకుంటే పిడుగు పడ్డా లెగను. మీరే దొంగల్లాగ తిరుగుతారు" అని. లేచిన మనిషే వెళ్లి గుడ్డ విప్పాలి. వీధిలో అందరికీ అదే పద్ధతి. విప్పి లోపలికొచ్చి, తలుపు వెనక మేకుకి తగిలించి, "అన్నమెట్టు" అనేవారు.

ఆ రోజు కూడా టీ తాగి పడుకున్నారు. ఆ రోజు కూడా గుడ్డ కట్టి ఉంది. పక్కింటి పిల్లలు బంతి ఆడుతుంటే బయటికెళ్లి వేలు నోటిమీద పెట్టి చూపించాను. పచ్చడి రోట్లో రుబ్బితే చప్పుడని మానేశాను. గది తలుపు కీచుమంటుందని లోపలికి కూడా వెళ్లలేదు. రెండైంది. అలిసిపోయి ఉంటారు, ఇంకాసేపు పడుకోనీ అనుకున్నాను. మూడైంది.

అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా, చచ్చిపోయిన మనిషికి నిద్రాభంగం కాకుండా కాపలా కాశాను.

జనం వచ్చారు, ఏడ్చారు, పాటలు పాడారు, తీసుకెళ్లారు. గుడ్డ గేటుకి అలాగే ఉంది. లేచినవాళ్లు కదా విప్పాలి. క్వార్టరు ఖాళీ చేసిన రోజు ముడి రాక కత్తెరతో కత్తిరించి ఏదో పెట్టెలో పడేశాను.

నవంబర్ 19

తోటకూర వండాను.

నవంబర్ 20, గురువారం

ఆర్డర్లు లేవు. తాయారు గారి జాకెట్టు ఒకటి, రాధది ఒకటి. అంతే. ఇన్నాళ్లూ నేను కుట్టింది పాత దుప్పటి ముక్కలు. పొడుగునా కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం.

మిషను చప్పుడుకి మిరియం నిద్రలో విసుక్కుని అటు నుంచి ఇటు తిరుగుతుంది. "అబ్బా, అమ్మా" అంటుంది. ఆ మాట వినిపిస్తే నాకు ఊపిరి ఆడుతుంది. మళ్లీ కాసేపటికి చప్పుడు లేకపోతే మిక్సీ వేస్తాను.

రాసేశాక చూస్తే పిచ్చిదాని రాతలాగ ఉంది. ఉండనీ.

నవంబర్ 23, ఆదివారం

మిరియం సర్దుకోవడం మొదలెట్టింది. సర్టిఫికెట్ల కోసం పెట్టెలు ఒక్కొక్కటీ తెరుస్తోంది. నేను కూరగాయలు తరుగుతున్నాను. చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే దాని చేతిలో ఆ గుడ్డ ఉంది, ముడి ముడిగానే ఉంది.

"కత్తిరించేసేవా?"

"ముడి రాలేదు."

"రాదు. రెండు ముడులేసేను ఆ రోజు. గాలి ఎక్కువుందని." గుడ్డని ఒళ్లో పెట్టుకుంది. "బస్సుకి టైమైపోతన్నా ఆగి మరీ కట్టేనమ్మా. ఎవులూ లేపకూడదని."

చిన్నప్పట్నుంచి గేటుకి గుడ్డ కట్టే పని దానిదే. బడికెళ్తూ కట్టేది, కాలేజీకెళ్తూ కట్టేది, ఉద్యోగానికెళ్తూ కట్టేది. నాకు తెలుసు. తెలిసి కూడా ఈ తొమ్మిది నెలల్లో ఒక్కసారి అటువైపు ఆలోచించలేదు. నా గోలలో నేనున్నాను.

ఏదో ఒకటి అనాలి. కత్తిపీట మీద వంకాయ ముక్క అలాగే పట్టుకుని కూర్చున్నాను. అది కాసేపు చూసి, గుడ్డని పెట్టెలో పెట్టేసి, సర్టిఫికెట్లు తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

నవంబర్ 24

అనాల్సిన మాట ఇది: నువ్వు కట్టావు, నేను కాపలా కాశాను, జగ్గయ్య కేక మింగాడు. ఆయన్ని అందరం కలిసి పడుకోబెట్టాం. అందులో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు.

ఇక్కడ రాయడం తేలికే.

నవంబర్ 27, గురువారం

ఈ రోజు మిరియం పడుకున్నాక మిషను ముట్టుకోకూడదు అనుకున్నాను. అది పడుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చున్నాను. గది తలుపు వేసి ఉంది. ఎంతసేపు ఉండగలిగానో తెలియదు, చాలాసేపు మాత్రం కాదు.

స్టీలు గిన్నె చెయ్యి జారింది.

చెయ్యి జారలేదు.

"అమ్మా!" అని అరిచింది లోపల్నుంచి. బతికే ఉంది. వెంటనే సిగ్గేసింది.

నవంబర్ 29, శనివారం

పెట్టెలోంచి గుడ్డ తీశాను. ముడులు సూదితో కెలికి కెలికి విప్పాను. గట్టిగానే కట్టింది పిల్ల. విప్పితే రెండు ముక్కలైంది, నేను కత్తిరించాను కదా. రెంటినీ కలిపి మిషను మీద కుట్టాను. చాలా రోజులకి అవసరమైన కుట్టు ఒకటి వేశాను.

సాయంత్రం కిందికెళ్లాను. తాయారు గారి గుమ్మంలో ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. "రేపు పొద్దున్న మా తలుపుకి ఎర్ర గుడ్డ కడతానండీ" అన్నాను.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మవారికి మొక్కుకున్నారా ఏంటండీ? మీరు చర్చి వాళ్లు కదండీ!"

చెప్పాను. మా వీధి గురించి, సి షిఫ్టు గురించి, గుడ్డ గురించి. ఆయన గురించి కూడా కొంచెం చెప్పాను, ఎలా వచ్చిందో ఆ మాట. తాయారు గారు నా చెయ్యి పట్టుకున్నారు. లోపల్నుంచి త్రినాథరావు గారు, "పొద్దున్న భక్తి పాటలు ఇయర్‌ఫోన్లో వింటాన్లెండమ్మా. మా పోర్టులో కూడా నైట్ చేసొచ్చినోడి నిద్దర చెడగొడితే మహా పాపమండీ" అన్నారు.

"ఆయ్, పైవాళ్లకి నేను చెప్తానండీ" అన్నారు తాయారు గారు. చెప్పే ఉంటారు. ఈపాటికి కాలనీ అంతా తెలిసే ఉంటుంది.

నవంబర్ 30, ఆదివారం

తెల్లవారగానే తలుపు బయటి గొళ్లానికి గుడ్డ కట్టాను. ఒకటే ముడి.

మిరియం బస్సు వచ్చే వేళైంది. దాటిపోయింది. బెల్లు మోగలేదు. చర్చికి వెళ్లే వేళ కూడా దగ్గరపడింది. ఒకటో తారీకు అంది కానీ, ఒక రోజు ముందే అటు నుంచి అటే వెళ్లిపోయిందనుకున్నాను. ఫోన్ చెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంక ఎవరి కోసం, గుడ్డ విప్పేద్దామని తలుపు తీశాను.

మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బ్యాగు, తల గోడకి ఆనించి, కళ్లు మూసుకుని.

నేను పిలవలేదు. వంగి చెంప మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. కళ్లు తెరిచింది.

"ఇక్కడ కూర్చున్నావేం? బెల్లు కొట్టలేదేం?"

"గుడ్డ కట్టుంది కదమ్మా" అంది నిద్ర గొంతుతో. "నాన్న పడుకున్నాడనుకున్నాను."

నేనూ పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. కింద ఎక్కడా చప్పుడు లేదు. ఆ బిల్డింగులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఒక్క నిమిషమేలే. తర్వాత గుర్తొచ్చింది" అంది. "అయినా కొట్టబుద్ధి కాలేదు. ఇలగే కూకున్నాను."

"అది నీకే కట్టాను" అన్నాను. ఇంకా చాలా అనాలి, సోమవారం రాసుకున్నదంతా అనాలి. "నువ్వు కట్టిన ముడి మంచిదే మిరియం. ఆయన హాయిగా పడుకున్నారు. నువ్వూ నేనూ పడుకోబెట్టాం" అని మాత్రం అనగలిగాను. అది నా భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. చప్పుడు కాకుండానే ఏడ్చాం ఇద్దరమూ, అలవాటు.

తర్వాత అది పడుకుంది. నేను మిషను దగ్గర కూర్చున్నాను, కాళ్లు తొక్కుడు పలక మీదే ఉన్నాయి కానీ తొక్కలేదు. భయం పోలేదు. రెండుసార్లు లేచి గది తలుపు దాకా వెళ్లాను. రెండుసార్లూ తలుపు తియ్యకుండా వెనక్కి వచ్చాను. ఆ రెండు రావడాలూ నాకెంత కష్టమయ్యాయో దేవుడికి తెలుసు. కుక్కరు పెట్టలేదు. అన్నం గిన్నెలో వార్చాను.

రెండైంది. మూడు కూడా దాటింది. నేను ప్రార్థన చెయ్యడం లేదు, గడియారం చూడటం లేదు, ఊరికే కూర్చున్నాను.

గది తలుపు తెరుచుకుంది. జుట్టంతా రేగిపోయి, ఒక చెంప మీద దిండు ముడతలు. నా వైపు చూడకుండానే నడుచుకుంటూ వెళ్లి, వీధి తలుపు తీసి, గుడ్డ విప్పి, లోపలికొచ్చింది.

"అన్నమెట్టు" అంది. చేతిలో గుడ్డ పట్టుకుని తలుపు వెనక గోడంతా వెతికింది. "దీన్ని ఎక్కడ తగిలించాలమ్మా? రేపు పొద్దున్నకి మళ్లీ కావాలి కదా."

అట్టపెట్టెలన్నీ వెతికితే సుత్తి దొరికింది, మేకులు దొరికాయి. తలుపు వెనక ఒకటి, ఫొటోకి హాల్లో ఒకటి. నేను పట్టుకున్నాను, అది కొట్టింది. మొదటి దెబ్బకే కిందనుంచి తాయారు గారు పరుగెత్తుకొచ్చారు, "ఇదేంటండీ, మమ్మల్నందర్నీ నోర్మూయించి మీరేంటండీ ఈ కొట్టుడు!" అని. లోపలికి రమ్మన్నాం. ముగ్గురం అన్నం తిన్నాం.

తలుపు వెనక మేకు కొంచెం వంకరగా దిగింది. గోడ కూడా అక్కడ కొంచెం చిట్లింది. అలాగే ఉంచేశాం.